ఆ మిగతా 23 గంటలు

రీల్‌లో గుర్రం 15 సెకన్లు పరిగెడుతుంది. జూలు గాల్లో ఎగురుతుంటుంది, వెనక బీజీఎం మోగుతుంటుంది, కింద లైకులు పడుతుంటాయి. వీడియో అయిపోయాక ఆ గుర్రం ఎక్కడికి వెళ్తుంది? ఏం తింటుంది? అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరు లేస్తారు?

స్వారీ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇవేవీ అడగరు. ఫోన్ కలవగానే వచ్చే ప్రశ్న ఒకటే... ‘గంటకు ఎంతండీ?’ అని. ఆ గంట మనది. మిగతా 23 గంటలు గుర్రానివి. ఏది మంచి శాలో, ఏది కాదో చెప్పేది ఆ 23 గంటలే. పోయిన చలికాలం నాలుగైదు ఆదివారాలు హైదరాబాద్ పడమటి శివార్లన్నీ తిరిగాక నాకు బాగా అర్థమైన సంగతి ఇది.

ఈ తిరుగుడుకు కారణం మా పిన్ని కూతురు. డిగ్రీ రెండో ఏడాది. స్కూటీ కొనిస్తామని ఇంట్లోవాళ్లు అంటే, ‘స్కూటీ అందరికీ వచ్చక్కా, నేను గుర్రం నేర్చుకుంటా’ అని కూర్చుంది. పిన్నేమో, ‘నువ్వే దగ్గరుండి చూడవే, ఎక్కడ పడేస్తారో ఏంటో’ అని నాకు అప్పజెప్పింది. అలా మొదలైంది.

రెండు చెరువుల మధ్య దారి

మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్ మీదుగా అప్పా జంక్షన్ దాటండి. ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి అవతలికి వెళ్తే అజీజ్‌నగర్, ఆ తర్వాత మొయినాబాద్, ఇంకా ముందుకెళ్తే చేవెళ్ల. దీన్నే బీజాపూర్ రోడ్డంటారు. కుడివైపు కాస్త లోపలికి గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. మొయినాబాద్ దాటాక రోడ్డుకు అటూ ఇటూ మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడల్లా నగరం వార్తల్లోకెక్కే చెట్లు అవే. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లొచ్చినవాళ్లకు ఈ దారి కొత్తేం కాదు. అజీజ్‌నగర్‌లోని హైదరాబాద్ పోలో అండ్ రైడింగ్ క్లబ్‌తో సహా, స్వారీ నేర్పే చోట్లు ఈ చుట్టుపక్కలే కొన్ని ఉన్నాయి.

ఇక్కడే ఎందుకు? గుర్రానికి ముందు కావాల్సింది నేల. పరిగెత్తడానికి మైదానం, మేయడానికి ఓ దడి, పేడ పోసుకోవడానికి కాస్త దూరం. గచ్చిబౌలిలో అడుగు స్థలం ధర తెలిసినవాళ్లెవరూ అక్కడ గుర్రపుశాల పెట్టరు. మరి గచ్చిబౌలికి ఇంత దగ్గరలో ఇంత ఖాళీ ఎలా మిగిలింది? దాని వెనక ఓ వరద కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరగకూడదని కట్టినవే ఈ రెండు జలాశయాలు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927లో హిమాయత్‌సాగర్. వాటి నీళ్లు పాడవకుండా 10 కిలోమీటర్ల పరిధిలో పెద్ద నిర్మాణాలు, పరిశ్రమలు రాకూడదని 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ ఆంక్షల వల్లే ఇక్కడ తోటలు మిగిలాయి, ఫామ్‌హౌస్‌లు వెలిశాయి, వాటి మధ్యలో గుర్రాలూ నిలబడ్డాయి. ఎవరూ గుర్రాల కోసం చేసిన చట్టం కాదది. నీళ్ల కోసం చేసింది గుర్రాలకూ కలిసొచ్చింది.

ఈ ఊరికి గుర్రం కొత్త కాదు

గుర్రమంటే ఇప్పుడు మనకు పెళ్లి బరాత్ గుర్తొస్తుంది, లేదంటే వైజాగ్ బీచ్‌లో రౌండుకింతని తిప్పే గుర్రం గుర్తొస్తుంది. కానీ హైదరాబాద్‌కు గుర్రంతో పాత చుట్టరికమే ఉంది. మలక్‌పేట రేస్‌కోర్సు నిజాంల కాలం నాటిది. అంతకుముందు పందేలు మౌలాలిలో జరిగేవి. దిల్లీలో తీన్‌మూర్తి భవన్ ముందు నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లకు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్లు గుర్రాల మీద పశ్చిమాసియా దాకా వెళ్లారు. ఆ యుద్ధంలోనే 1916 జులైలో, ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో, మెషీన్‌గన్‌ల కాలంలో కూడా బల్లేలు పట్టుకుని దూసుకెళ్లిన దళాల్లో దక్కన్ హార్స్ ఒకటి.

అదంతా గతం అనుకోవద్దు. సిటీ పోలీసులకు అశ్వదళం ఇప్పటికీ ఉంది. బందోబస్తు రోజుల్లో చార్మినార్ దగ్గర కనిపించేవి ఆ గుర్రాలే. శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలు స్వారీ నేర్చుకోవాల్సిందే. ఇక పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లలో గుర్రం ముచ్చటకు పెంచుకునేది కాదు, అవసరం. రోడ్డు లేని ఊరి నుంచి సంతకు పంట దించేది, సంత నుంచి బియ్యం, ఉప్పు ఎక్కించేది అదే.

ముందు ముక్కుతో చూడండి

మేం మొదట వెళ్లిన చోటు పేరు చెప్పను. ఫొటోల్లో మాత్రం అదిరిపోయింది. గేటు దగ్గరే సెల్ఫీ పాయింటు, రంగురంగుల గొడుగులు. ఓ తెల్లగుర్రం మీద పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించి తిప్పుతున్నారు. మధ్యాహ్నం పన్నెండయింది, దానికి నీళ్లు పెట్టినవాళ్లు లేరు. దగ్గరికెళ్లి చూస్తే వీపు మీద, జీను కూర్చునే చోట, పచ్చిపుండు. దాని మీదే గుడ్డ కప్పి జీను బిగించారు. మా చెల్లి ఇంకో మాట మాట్లాడకుండా కారు వైపు నడిచింది.

రెండోది దీనికి పూర్తిగా ఉల్టా. గాజు తలుపుల ఆఫీసు, కాఫీ మెషీను, ప్యాకేజీల బ్రోచరు. ‘శాల ఓసారి చూడొచ్చా?’ అంటే ‘క్లయింట్లకు మాత్రమే’ అన్నారు. హోటల్లో వంటగది చూపించకపోయినా సర్దుకుంటాం. ఇక్కడ సర్దుకోకూడదు. గుర్రం ఉండే చోటు చూపించనివాళ్ల దగ్గర గుర్రమెక్కాల్సిన పనిలేదు.

మూడోది మట్టిరోడ్డు చివర. రేకుల కప్పు, ఇసుక పరిచిన మైదానం, వేపచెట్టు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గేటుకు బోర్డు కూడా సరిగా లేదు. కానీ లోపలికి అడుగు పెట్టగానే గడ్డి వాసన వచ్చింది. ఘాటు వాసన రాలేదు. ఈ తేడా చిన్నదేం కాదు. పడక మార్చని శాలలో మూత్రం నుంచి అమ్మోనియా లేచి మన కళ్లు మండుతాయి. పది నిమిషాలకే మన కళ్లు మండితే, రాత్రంతా అక్కడే ఊపిరి పీల్చే గుర్రం ఊపిరితిత్తుల సంగతి చెప్పక్కర్లేదు.

వాసన తర్వాత చూడాల్సినవి:

గది. ఒక్కో గుర్రానికి సుమారు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండటం మామూలుగా పాటించే కొలత. గుర్రం నిలబడే నిద్రపోతుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అది సగం నిజం. కునుకు నిలబడే తీస్తుంది. గాఢనిద్ర కావాలంటే మాత్రం పడుకోవాల్సిందే. పడుకోవడానికి జాగా, మెత్తటి పడక లేకపోతే దానికి ఆ నిద్ర లేనట్టే.

ఒళ్లు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. మూపు మీద నల్లటి వెంట్రుకల మధ్య తెల్లటి మచ్చలుంటే, ఒకప్పుడు అక్కడ జీను కొరికి పుండు పడి మానిందని అర్థం. ఒక గుర్రానికి ఉంటే పాత యజమాని దగ్గర అయిందేమో అనుకోవచ్చు. శాలలో అన్నింటికీ ఉంటే అనుమానించాలి.

అలవాట్లు. గుర్రం ఉన్నచోటే నిలబడి అటూ ఇటూ ఊగుతోందా? చెక్కను పళ్లతో పట్టుకుని గాలి మింగుతోందా? రోజంతా కట్టేసి ఉంచితే వచ్చే అలవాట్లివి. మనిషికైతే పిచ్చెక్కుతోందంటాం.

నోరు. కళ్లెం చూపించమనండి. ముళ్లున్న కళ్లెం వాడటం మన దేశంలో 1965 నాటి నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఊరేగింపు గుర్రాలకు ఇంకా పెడుతూనే ఉన్నారు. స్వారీ నేర్పే చోట అది కనిపించిందంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మన పెద్దవాళ్లు. పనికిరానివాడి తిండి మీద వేసే ఎకసెక్కం అది. శాలలో నిలబడి వింటే మాత్రం అచ్చంగా లెక్కల పుస్తకమే.

మామూలు స్వారీ గుర్రం 450 కిలోల దాకా తూగుతుంది. రోజుకు తన బరువులో దాదాపు 2 శాతం మేత కావాలి. అంటే 9 కిలోలు. నెలకు 270 కిలోలు. దాంట్లో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. పైన ఓట్స్, బార్లీ, తవుడు లాంటి దాణా. మన దగ్గర ఉలవలు కూడా పెడతారు. ఇంగ్లిష్‌లో వాటి పేరే హార్స్ గ్రామ్ మరి. మనం ఉలవచారు లొట్టలేసుకుని తాగుతాం కానీ ఉలవలకు పేరు తెచ్చింది ముందు గుర్రాలే. నీళ్లు రోజుకు 30 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి నాడాలు మార్చాలి. ఆ పని చేసేవాళ్లను హైదరాబాద్‌లో నాల్‌బంద్ అంటారు. నాల్‌బంద్ ఎన్ని రోజులకోసారి వస్తాడని అడిగి చూడండి. టక్కున జవాబొస్తే మంచి శాల. ‘వస్తాడు, అవసరమైనప్పుడు’ అంటే ఆలోచించుకోండి.

తినడం ఒక్కటే కాదు, ఎలా తింటుందన్నదీ ముఖ్యం. గుర్రం ఒళ్లు ఇంత పెద్దదైనా పొట్ట చిన్నది. బయట వదిలేస్తే రోజులో ఎక్కువ భాగం కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. రెండు పూటలా తొట్టి నిండా దాణా పోసి మధ్యలో ఖాళీగా ఉంచితే కడుపు తిరగబడుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది కిందికే రావాలి. మధ్యలో ఎక్కడైనా ఆగితే వచ్చేదే కోలిక్, అంటే కడుపునొప్పి. మనకైతే ఓ మాత్రతో పోతుంది, గుర్రానికైతే ప్రాణాలే పోవచ్చు. మేత ముట్టకపోవడం, ముందుకాలితో నేల గీకడం, మాటిమాటికీ తన డొక్క వైపు తిరిగి చూడటం, పడి దొర్లడం దాని గుర్తులు. ఇవి రాత్రి రెండింటికి మొదలైతే కనిపెట్టేది యాప్ కాదు. గది పక్కనే మంచం వేసుకుని పడుకునే సైసు.

ఆ మూడో శాలలో ఓ పెద్దాయన ఉన్నాడు. అందరూ చాచా అనే పిలుస్తారు. మాకు చాయ్ తెప్పించారుగానీ తను మాత్రం ముట్టుకోలేదు. ‘ముందు గుర్రాలు నీళ్లు తాగాలె, తర్వాత మనం చాయ్ తాగాలె. గట్లయితేనే నౌకరీ’ అన్నాడు. ఎన్ని గుర్రాలు చూస్తారు చాచా అంటే నాలుగు వేళ్లు చూపించాడు. ఇదీ అడగాల్సిన ప్రశ్నే. ఒక్క మనిషి చేతిలో పది, పన్నెండు గుర్రాలుంటే ఎంత మంచివాడైనా ఏం చేయగలడు?

పందెం అయిపోయాక

ఆ శాలలో పొడవాటి కాళ్ల గోధుమరంగు గుర్రం ఒకటి మా చెల్లికి తెగ నచ్చింది. ‘దీని మీదే నేర్చుకుంటా’ అంది. కోచ్ మేడం నవ్వి, ‘అది నీ కోసం కాదమ్మా, ఇంకో ఏడాది ఆగు’ అంది.

అది ఒకప్పటి రేసు గుర్రం. థరోబ్రెడ్ జాతి. రెండు, మూడేళ్ల వయసులోనే ట్రాక్ ఎక్కుతాయి. చాలావాటికి పదేళ్లు నిండకముందే పందేలు అయిపోతాయి. కానీ గుర్రం ఆయుష్షు 25 నుంచి 30 ఏళ్లు. మిగతా పదిహేను, ఇరవై ఏళ్లు ఎక్కడ? అదృష్టం బాగుంటే స్వారీ నేర్పే మంచి శాలలో. లేకపోతే చేతులు మారుతూ, మారుతూ బరాత్‌లో, పర్యాటకుల రౌండ్లలో. మనం ఏ శాలకు డబ్బు కడుతున్నామన్నదాన్ని బట్టే, ఇలా రిటైరైన గుర్రాలకు దొరికే రెండో బతుకు ఎలా ఉంటుందో కూడా తేలుతుంది.

అయితే ట్రాక్ నుంచి నేరుగా వచ్చిన గుర్రం కొత్తవాళ్లకు పనికిరాదు. పగ్గం బిగిస్తే ఆగడం కాదు, ఆ బిగువు మీద ఆనుకుని ఇంకా ముందుకు పోవడం దానికి నేర్పిన విద్య. భయంతో మనం పగ్గాలు లాగుతాం, అది వేగం పెంచమన్నారనుకుంటుంది. ఇద్దరి తప్పూ లేదు, భాష వేరంతే. దానికి కొత్త భాష నేర్పడానికి నెలలు పడుతుంది. కాబట్టి మొదటి రోజే ‘మా దగ్గర అన్నీ రేసు గుర్రాలే’ అని గొప్పగా చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. మీకు కావాల్సింది వయసు మళ్లిన, నిదానమైన, వందమంది కొత్తవాళ్ల తిక్క చేష్టలు ఓర్చుకున్న గుర్రం. మా చెల్లికి ఇచ్చింది అలాంటిదే. పొట్టి కాళ్లు, బానపొట్ట, సగం మూసిన కళ్లు. తన మొహం మాడిపోయింది.

పగ్గం అవతలి కొస

మొదటి పాఠం గుర్రమెక్కడం కాదు, గుర్రం దగ్గరికి వెళ్లడం. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు, రెండు చోట్ల తప్ప. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్లేవాడు దాని దృష్టిలో పులే. అందుకే పక్క నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి. చెవులు ముందుకుంటే వింటోంది. వెనక్కి అతుక్కుపోతే చిరాకుగా ఉంది, దూరం జరగాలి.

తర్వాత బ్రష్ చేతికిచ్చారు. ఒళ్లంతా రుద్దాలి, గిట్టల్లో రాళ్లు తీయాలి. ‘డబ్బులిచ్చి మనమే పని చేయడమేంటక్కా?’ అని చెవిలో గొణిగింది మా చెల్లి. ఈ పనితోనే మొదలుపెట్టించే చోటు దొరికితే వదలకండి. రుద్దుతుంటే వాపులు, గాయాలు చేతికి తెలుస్తాయి. గుర్రానికీ మన వాసన అలవాటవుతుంది.

ఎక్కేది ఎడమవైపు నుంచి. కత్తిని ఎడమ నడుముకు వేలాడదీసుకున్న సైనికుల కాలం నుంచి వచ్చిన అలవాటంటారు. ఎడమకాలు రికాబులో పెట్టి పైకి లేవడమే. పైకెక్కాక నేల ఎంత దూరంలో ఉందో చూసి మా చెల్లి నోట మాట లేదు. మొదటి కొన్ని పాఠాలు కోచ్ చేతిలో పొడవాటి తాడు, దాని చివర గుర్రం, గుండ్రంగా తిరగడం. చిలుకూరులో అయితే 11 ప్రదక్షిణలకు మొక్కుకుని, కోరిక తీరితే 108 చేస్తారు. ఇక్కడ 108 తిరిగినా దేవుడు కరుణించడు. నడుము నిటారుగా, మడమలు కిందికి, చూపు ముందుకు... ఇవి అలవాటు కావాలి. నడకలో అంతా బాగానే ఉంటుంది. ట్రాట్ మొదలయ్యాకే అసలు కథ. ఒకటి-రెండు, ఒకటి-రెండు అని గుర్రం ఎగరేస్తుంటే, ఆ లయకు తగ్గట్టు లేచి కూర్చోవాలి. లయ తప్పితే మన నడుముకూ, దాని వీపుకూ దెబ్బే. క్యాంటర్, గ్యాలప్ చాలా తర్వాతి మాట. పది రోజుల్లో గ్యాలప్ నేర్పిస్తామనే ప్యాకేజీలను నమ్మొద్దు.

భయమేస్తే చేతులు వాటంతటవే పగ్గాలు లాగేస్తాయి. మా చెల్లి మూడోసారి లాగినప్పుడు మేడం గుర్రాన్ని ఆపింది. అరవలేదు. ‘పగ్గం ఈ కొస నీ చేతిలో ఉంది. అవతలి కొస దాని నోట్లో ఉందమ్మా’ అంది. అంతే. ఆ తర్వాత తన చేతులు సడలాయి. బానపొట్ట గుర్రం తల దించి, పెద్దగా ఊపిరి వదిలింది.

వేసుకునేవాటి గురించీ చెప్పాలి. చిన్స్ట్రాప్ ఉన్న రైడింగ్ హెల్మెట్ తప్పనిసరి. బైక్ హెల్మెట్ పనికిరాదు. గట్టిగా పడితే ఆ హెల్మెట్‌ను మళ్లీ వాడొద్దు, పైకి పగులు కనిపించకపోయినా సరే. బూట్లకు చిన్న మడమ ఉండాలి. లేదంటే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. తొడల లోపల లావు కుట్లున్న జీన్స్ వేసుకుంటే సాయంత్రానికి ఒళ్లు ఒరుసుకుపోతుంది. టెటనస్ ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. రైడర్ బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. మీ బరువు అడిగారంటే అవమానం అనుకోకండి. అడగకుండా ఎక్కించేవాళ్లకే గుర్రం మీద ప్రేమ లేదని అర్థం.

సొంత గుర్రం, అద్దె ఇల్లు

నేర్చుకున్న కొందరికి ఏడాది తిరిగేసరికి సొంత గుర్రం మీద మనసు పడుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగులో కట్టేయలేం కాబట్టి దాన్ని శాలలో పెట్టి నెలనెలా డబ్బు కట్టాలి. దీన్నే బోర్డింగ్ అంటారు, కొన్నిచోట్ల లివరీ అంటారు. గుర్రానికి హాస్టల్ అనుకోండి. కొనే ధర ఒకసారి ఇచ్చేది. హాస్టల్ ఫీజు పాతికేళ్లు కట్టేది. సామెతలో గుడ్డిగుర్రం గుర్తుందిగా... అది కుంటిదైనా, ముసలిదైనా, మీకు ఉద్యోగం పోయినా, దానికి రోజూ 9 కిలోల మేత కావాల్సిందే.

అందుకే నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి. నెల ఫీజులో మేత, నాడాలు, నులిపురుగుల మందు, టీకాలు కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా? రోజూ ఎన్ని గంటలు బయట తిరగనిస్తారు? మీరు రాని రోజుల్లో ఎవరు నడిపిస్తారు? మీ గుర్రాన్ని మీకు తెలియకుండా ఇతరుల పాఠాలకు వాడతారా? అన్నిటికంటే ముఖ్యం, అర్ధరాత్రి డాక్టర్‌ను పిలవాల్సి వస్తే మీ ఫోన్ కలవకపోయినా పిలుస్తారా, ఆ ఖర్చు ఎవరిది? గుర్రాలు చూసే డాక్టర్లు అన్నిచోట్లా దొరకరు. కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్‌కు కోలిక్ వచ్చిన గుర్రాన్ని తీసుకెళ్లలేం. కొత్త గుర్రం వస్తే గ్లాండర్స్ పరీక్ష కాగితం చూసే లోపలికి రానిచ్చే శాలను ఎంచుకోండి. అది గుర్రం నుంచి మనిషికి కూడా అంటే ప్రాణాంతక జబ్బు.

కొనడానికి ముందు ఇంకో మెట్టుంది. కొన్ని శాలలు గుర్రాన్ని లీజుకిస్తాయి. వారంలో కొన్ని రోజులు అది మీ బాధ్యత, ఖర్చులో కొంత మీది. ఆరు నెలలు అలా చేసి, వానలో, పరీక్షల్లో, పండగ రోజుల్లో కూడా వెళ్లగలిగారా చూసుకోండి. అప్పుడు కొనే మాట మాట్లాడొచ్చు.

డబ్బున్నోళ్ల ఆటేనా?

చాలావరకు అవును. దాచిపెట్టి లాభం లేదు. గుర్రాన్ని బాగా చూసుకోవడానికే ఖర్చవుతుంది కాబట్టి చవకగా నేర్పే చోట ఆ ఖర్చు ఎక్కడ తగ్గించారో మనం ఆలోచించాలి. మామూలుగా అయితే దాని కడుపులోనే.

కానీ తలుపులన్నీ మూసుకుపోలేదు. ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లు ఉన్నాయి. పశువైద్య కళాశాలలకు అనుబంధంగా నడిచే ఈ యూనిట్లలో క్యాడెట్లకు స్వారీ నేర్పుతారు. తిరుపతిలో ఒకటుంది. కొన్ని శాలల్లో పనిలో చేయి వేస్తే ఫీజు తగ్గిస్తారు. అడిగితే పోయేదేముంది?

ఈ ఆటలో ఇంకో ప్రత్యేకత. ఒలింపిక్స్‌లో ఆడా మగా ఒకే పోటీలో, ఒకే నిబంధనలతో తలపడేది ఇందులోనే. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రెండు వెండి పతకాలు తెచ్చి, తర్వాత టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. 2023లో హాంగ్‌ఝౌలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా కలిసి డ్రెసాజ్‌లో స్వర్ణం గెలిచారు. గుర్రపుస్వారీలో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన ఏషియాడ్ బంగారం అది. నలుగురిలో ఇద్దరు అమ్మాయిలే. ఈ మాట చెప్పాకే మా పిన్ని ఫీజు కట్టడానికి ఒప్పుకుంది.

వెళ్తే త్వరగా వెళ్లండి

ఎప్పుడు వెళ్లాలంటే, తెల్లారి ఆరు నుంచి తొమ్మిది లోపు, లేదా ఎండ వాలాక. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మొదటిసారి మాత్రం అపాయింట్‌మెంట్ పాఠానికి కాదు, మేత వేళకు తీసుకోండి. సైసు అడుగుల చప్పుడు వినగానే గుర్రాలు గదుల్లోంచి తలలు బయటపెట్టి, సన్నగా సకిలిస్తే ఆ మనిషి చేతుల్లో అవి బాగున్నాయని. చెయ్యెత్తగానే తల వెనక్కి లాక్కుంటే అదీ ఓ జవాబే.

త్వరగా అనడానికి ఇంకో కారణం ఉంది. జీవో 111 ఆంక్షల్ని సడలిస్తూ 2022లో మరో జీవో వచ్చింది. మేం తిరిగిన ఆ మట్టిరోడ్ల పక్కన ఇప్పుడు ‘ప్లాట్లు అమ్మబడును’ అనే బోర్డులే ఎక్కువ. భూమి రేటు పెరిగితే అందులో మొదట ఖాళీ చేసేది లాభం తక్కువొచ్చేవాళ్లే. రోజుకు 9 కిలోలు తినే గుర్రాలు విల్లాలతో ఎలా పోటీపడతాయి? కోచ్ మేడం కూడా చేవెళ్ల అవతల స్థలం చూస్తున్నానని చెప్పింది. ఆ స్థలం కౌలుదే, ఓనరు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. ఇంకా అవతలికి జరిగితే పొద్దున పాఠం చూసుకుని కాలేజీకి అందుకునే పిల్లలు రాలేరు. పిల్లలు రాకపోతే దాణాకు డబ్బు రాదు.

ప్రస్తుతానికైతే మా చెల్లి వారానికి రెండు రోజులు ఐదింటికే లేచి ఆ మట్టిరోడ్డు పట్టుకుంటోంది. బ్యాగులో పుస్తకాలు, పక్కన ఓ కవర్‌లో క్యారెట్లు. ఆ బానపొట్ట గుర్రాన్ని ఎవరైనా పొట్టిదంటే మాత్రం ఊరుకోవట్లేదు.